గర్భసంచి తీయించుకోవాలా, ఉంచుకోవాలా? తీయించుకుంటే ఏ పద్ధతి, ఎక్కడ, ఎప్పుడు?

దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా అయిన రాష్ట్రం మనదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దేశమంతటా నూటికి 3.3 మందికి ఈ ఆపరేషన్ అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.7 మందికి అయింది. కర్నూలు, అనంతపురం, కడప పల్లెల్లో ఉండేవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. నలభై నిండకుండానే సంచి తీయించుకున్న అక్కో, వదినో, చిన్నత్తో ప్రతి వీధిలోనూ ఉంటారు. వాళ్లలో కొందరిని ఆ ఆపరేషన్ బతికించింది. కొందరికి అవసరం లేకపోయినా జరిగిపోయింది.

ఆపరేషన్ మాట రాగానే మనవాళ్లు అడిగేది ‘ఏ ఆసుపత్రి మంచిది, ఎంతవుతుంది’ అని. నన్నడిగితే అది చివర్లో రావాల్సిన ప్రశ్న. ఒకసారి చేశాక వెనక్కి తిప్పుకోలేనివి ముందు తేల్చుకోవాలి. సంచి తీయాలా వద్దా, అండాశయాలు తీయాలా వద్దా అనేవి రెండూ అలాంటివే. కోత ఎక్కడ పెడతారు, ఏ ఊళ్లో చేయించుకుంటాం, ఏ నెలలో అన్నవి ఆ తర్వాత.

తీయక తప్పనిది ఎప్పుడు, తప్పించుకోగలిగేది ఎప్పుడు

తెల్లబట్ట అవుతోందని సంచి తీయక్కర్లేదు. అది చాలాసార్లు ఇన్ఫెక్షన్; మందులతో తగ్గుతుంది. కొన్ని రకాల్లో భర్త కూడా మందులు వాడాలి, లేకపోతే మళ్లీ మళ్లీ వస్తుంది. నడుము నొప్పికీ ఇది మందు కాదు. కలుపు తీసి, బిందెలు మోసి అరిగిన నడుము సంచి తీసినంత మాత్రాన బాగుపడదు.

నన్ను ఎక్కువ భయపెట్టే మాట ఇంకొకటి ఉంది. ‘పిల్లల ఆపరేషన్ అయిపోయింది కదమ్మా, ఇంక సంచితో పనేముంది, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది’ అంటారు. ఈ మాట నమ్మి ఆపరేషన్ బల్ల ఎక్కవద్దు. క్యాన్సర్ అనుమానం ఉంటే తేల్చడానికి పరీక్షలున్నాయి. గర్భాశయ ముఖద్వారానికి పాప్ స్మియర్, హెచ్‌పీవీ పరీక్ష ఉన్నాయి. వెనిగర్‌లాంటి ద్రవం పూసి చూసే పరీక్ష కూడా ఉంది. వీటిలో క్యాన్సర్‌కు ముందు దశ కనబడితే ఆ మచ్చ వరకే చికిత్స చేయవచ్చు, సంచి జోలికి పోకుండానే.

క్యాన్సర్ అని బయాప్సీలో, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో తేలితే ఆలస్యం వద్దు. ఆ ఆపరేషన్ మామూలు గర్భసంచి ఆపరేషన్ కాదు. ముఖద్వార క్యాన్సర్‌ను గుర్తించకుండా ఎక్కడో మామూలుగా సంచి తీసేస్తే, తర్వాత వైద్యం చాలా చిక్కుల్లో పడుతుంది. మొదటి ఆపరేషనే క్యాన్సర్ సర్జన్ చేతుల మీదుగా జరగాలి. బెంగళూరు కిద్వాయ్, హైదరాబాద్ ఎంఎన్‌జే లాంటి క్యాన్సర్ ఆసుపత్రులకు మనవాళ్లు పోయేది అందుకే.

అసలు ఆలోచించాల్సింది ఈ రెంటికీ మధ్య ఉన్నవాళ్లు. నెలనెలా గుడ్డలు తడిసిపోయేంత రక్తస్రావం, గడ్డలు, సంచి గోడ ఉబ్బడం, సంచి జారడం ఉన్నవాళ్లు. రక్తం ఎక్కువ పోతుంటే ముందు కారణం వెతకాలి. స్కాన్, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. నలభై ఐదు దాటితే లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఇవేవీ చేయకుండా ఒక్క స్కాన్ కాగితం చూసి తేదీ ఇచ్చేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

కారణం తెలిశాక మందులకు ఒక అవకాశం ఇవ్వాలి. ముట్టు రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు చాలామందికి రక్తస్రావాన్ని సగం దాకా తగ్గిస్తాయి. హార్మోన్ మాత్రలు ఉన్నాయి. వీటన్నిటికంటే గట్టి ప్రత్యామ్నాయం హార్మోన్ లూప్. మైరినా, ఎమిలీ అనే పేర్లతో దొరుకుతుంది. సంచిలో పెడితే ఏళ్ల తరబడి పనిచేస్తుంది, చాలామందికి ముట్టు బాగా తగ్గిపోతుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. అయితే మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా మరక కనబడుతూనే ఉంటుంది. ఇక్కడే మన ఆడవాళ్లు ఓపిక పోగొట్టుకుని తీయించేసుకుంటారు. తప్పు వాళ్లది కాదు. ముట్టు వస్తే బయట కూర్చోబెట్టే ఇళ్లలో రోజూ మరక కనబడితే పూజ గదిలోకీ పోలేరు, వంటింట్లోకీ పోలేరు. మిరప చేల దగ్గర గుడిసెల్లో ఉండేవాళ్లకు గుడ్డ మార్చుకునే చాటు కూడా దొరకదు. జబ్బు కంటే ఈ బాధ పడలేకే ఎంతోమంది ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నారు. ఇంట్లో మగవాళ్లు, అత్తగార్లు ఆ పట్టింపు ఆరు నెలలు సడలిస్తే కొన్ని ఆపరేషన్లు తప్పుతాయి. ఈ మాట నేను గట్టిగానే చెబుతాను.

గడ్డలున్నంత మాత్రాన తీయాలని లేదు. బాధ పెట్టని చిన్న గడ్డను చూస్తూ ఉండొచ్చు. ముట్లు ఆగాక అవి మామూలుగా కుంచించుకుపోతాయి. అందుకే వయసు చూసుకోవాలి. మన దేశంలో ముట్లు ఆగే సగటు వయసు 46-47. నలభై ఆరేళ్ల మనిషికి మందులతో ఒకటి రెండేళ్లు గడిపితే సమస్య దానంతటదే సద్దుమణగవచ్చు. ముప్పై మూడేళ్ల మనిషి అన్నేళ్లు ఆగలేదు గానీ, ఆమెకు లూప్ ఉంది, గడ్డ మాత్రమే తీసే ఆపరేషన్ ఉంది. పిల్లలు కావాలనుకునేవాళ్లకు ఆ రెండోదే దారి. సంచి గోడే ఉబ్బి, నొప్పితో మెలికలు తిరిగిపోతూ, మందులూ లూపూ చూసినా ఫలితం లేనివాళ్లకు ఆపరేషన్ నిజంగా విముక్తి. వాళ్లను ఇంకా ఓర్చుకో అనడమూ అన్యాయమే.

సంచి కొంచెం జారితే కటి కండరాల వ్యాయామం, లోపల పెట్టే రింగు సరిపోతాయి. పూర్తిగా బయటికి వచ్చేస్తే ఆపరేషనే. అప్పుడు సంచి తీయడంతో సరిపెట్టకుండా, వదులైన కండరాలకు పట్టు కూడా వేస్తారా అని అడగండి. పట్టు లేకపోతే కొన్నేళ్లకు మళ్లీ జారవచ్చు.

ఇంకో డాక్టర్‌ను అడగడానికి మొహమాటపడొద్దు. అనవసరంగా గర్భసంచులు తీస్తున్నారనే కేసులో, కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశించింది. మిమ్మల్ని ఆసుపత్రికి వెంటబెట్టుకుపోయిన మనిషికీ, ఆ ఆసుపత్రికీ సంబంధం లేని ఇంకో గైనకాలజిస్టుకు స్కాన్ చూపించండి. ఇద్దరూ ఒకే మాట చెబితే మీ మనసూ కుదుటపడుతుంది.

అండాశయాలు: ఎవరూ అడగని ప్రశ్న

మా ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరికి ఆపరేషన్ అయి ఏళ్లు గడిచినా, అండాశయాలు ఉన్నాయో తీసేశారో ఆమెకు తెలియదు. ఆమెకేం, మన పల్లెల్లో చాలామందికి తెలియదు. ‘అంతా క్లీన్ చేసేశాం’ అన్న మాటతో సరిపెట్టుకుని వచ్చేస్తారు.

సంచి తీస్తే ముట్టు ఆగుతుంది, పిల్లలు పుట్టరు. అండాశయాలు కూడా తీస్తే ఒంట్లో హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఆ వారంలోనే ఒళ్లంతా సెగలు, రాత్రిళ్లు చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. చిరాకు, ఏడుపు వస్తుంటాయి. కలయికలో మంట ఉంటుంది. ఇవి కనబడే బాధలు. కనబడనివి ఎముకలు పెళుసుబారడం, గుండెజబ్బు ముప్పు పెరగడం. ముప్పై ఐదేళ్లకే రెండు అండాశయాలూ పోయినామె యాభై ఏళ్లకు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే, ఆ రెంటికీ ముడిపెట్టి చూసేవాళ్లు ఊళ్లో ఎవరూ ఉండరు.

అండాశయాలకు జబ్బు లేకపోతే, ఇంకా ముట్లు ఆగని వయసులో వాటిని ఉంచుకోవడమే మేలు. ‘రేపు వాటికి క్యాన్సర్ వస్తే’ అన్న భయం ఉంటే మధ్యే మార్గం ఉంది. అండనాళాలు మాత్రం తీసి అండాశయాలు వదిలేయమని అడగవచ్చు. అండాశయ క్యాన్సర్లలో చాలా వరకు ఆ నాళాల చివర్లలోనే పుడతాయని తేలాక ఈ పద్ధతి పెరిగింది. తల్లికో అక్కచెల్లెళ్లకో రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చిన కుటుంబాల లెక్క వేరు. వాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. స్కాన్‌లో నీటిబుడగ కనబడిందని మాత్రం అండాశయం తీయించుకోవద్దు. ముట్లు వచ్చే వయసులో చిన్న నీటిబుడగలు వస్తుంటాయి, పోతుంటాయి.

ఏదో కారణంగా చిన్న వయసులోనే తీయక తప్పకపోతే, దాదాపు యాభై ఏళ్ల దాకా హార్మోన్ మందులు వాడటం గురించి డాక్టర్‌తో తప్పక మాట్లాడాలి. అండాశయాలు ఉంచినా కొందరికి ముట్లు ఆగే మార్పులు కాస్త ముందుగా వస్తాయి. ఇద్దరికీ ఎముకల జాగ్రత్త ఒకటే. మన రాగి సంగటి అందుకు మంచి తిండి, వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది.

ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టే కాగితంలో ఏమేం తీస్తారో తెలుగులో చదివి వినిపించమనండి. ‘అండాశయాలు బాగుంటే ఉంచండి’ అని మీ మాటగా రాయించండి.

ఏ పద్ధతి

యోని మార్గంలో చేస్తే పొట్ట మీద కోతే ఉండదు. నొప్పి తక్కువ, ఖర్చు తక్కువ, రెండు మూడు రోజుల్లో ఇంటికి రావచ్చు. సంచి జారినవాళ్లకే ఇలా చేస్తారని చాలామంది అనుకుంటారు. సంచి మరీ పెద్దది కాకపోతే, చేయి తిరిగిన సర్జన్ జారని సంచినీ ఇలాగే తీయగలరు. వీలున్నచోట ఇదే మొదటి ఎంపిక కావాలని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం కూడా చెబుతోంది. ఇంత మంచి పద్ధతి గురించి రోగులు అడగరు, బోర్డుల మీద దీనికి ప్రచారం ఉండదు.

ల్యాప్రోస్కోపీలో మూడు నాలుగు చిన్న రంధ్రాలు పెడతారు. త్వరగా కోలుకుంటారు. ఒకటి రెండు రోజులు భుజం నొప్పి రావచ్చు. అది లోపలికి పంపిన గ్యాస్ వల్ల, కంగారు పడక్కర్లేదు. పూర్తి మత్తు ఇవ్వాలి. పొట్ట కోతతో పోలిస్తే మూత్రాశయానికో మూత్రనాళానికో దెబ్బ తగిలే ముప్పు ఇందులో కొంచెం ఎక్కువ, అందుకే మిషన్ కంటే సర్జన్ అనుభవం ముఖ్యం. నగరాల్లో చెప్పే రోబో ఆపరేషన్ కూడా ఇదే దారిలోది. క్యాన్సర్ కాని జబ్బులకు దానివల్ల అదనపు లాభం తేలలేదు, బిల్లు మాత్రం పెరుగుతుంది.

పొట్ట కోసి తీసేది పాత పద్ధతని చిన్నచూపు వద్దు. పెద్ద గడ్డలున్నవాళ్లకు, పాత సిజేరియన్ల వల్ల లోపల అతుక్కుపోయినవాళ్లకు కొన్నిసార్లు అదే క్షేమం. నాలుగైదు రోజులు ఆసుపత్రిలో ఉండాలి, ఆరు నుంచి ఎనిమిది వారాలు పనికి దూరంగా ఉండాలి.

డాక్టర్‌ను అడగాల్సింది ఒక్కటే: ‘నాకు కింద నుంచి తీయడం కుదరదా? కుదరకపోతే ఎందుకు?’

ఎక్కడ

కర్నూలు పెద్దాసుపత్రి, అనంతపురం సర్వజన ఆసుపత్రి, ఇప్పటికీ మనం రిమ్స్ అనే కడప సర్వజన ఆసుపత్రి, మూడూ వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్నవే. ఒకే చోట గైనిక్ విభాగం, మత్తు డాక్టర్లు, బ్లడ్ బ్యాంకు, బయాప్సీ చూసే విభాగం ఉండటం వాటి బలం. షుగర్, బీపీ, గుండె సమస్య ఉన్నవాళ్లకు ఇది చాలా ముఖ్యం. బలహీనత మనందరికీ తెలిసిందే: రద్దీ, పదేపదే తిప్పించుకోవడం, మంచం కోసం ఎదురుచూపు. ధర్మవరం చుట్టుపక్కలవాళ్లకు బత్తలపల్లి ఆర్‌డీటీ ఆసుపత్రి ఇంకో దారి.

ప్రైవేటులో తేదీ త్వరగా దొరుకుతుంది, గది ఉంటుంది. ‘ప్యాకేజీ’ అన్నప్పుడు అందులో బయాప్సీ, రక్తం, మందులు ఉన్నాయా అని ముందే తేల్చుకోండి. రాత్రి పూట డాక్టర్ ఉంటారా అన్నది గది ఏసీదా కాదా అన్నదానికంటే పెద్ద ప్రశ్న. ఎన్టీఆర్ వైద్యసేవలో మీ జబ్బుకు, ఆ ఆసుపత్రిలో వర్తిస్తుందా లేదా అన్నది అక్కడి పథకం కౌంటర్లోనే అడగాలి. ఊళ్లో ఎవరో చెప్పింది నమ్మి పోకూడదు.

కర్నూలువాళ్లు హైదరాబాద్‌కు, అనంతపురంవాళ్లు బెంగళూరుకు, కడపవాళ్లు తిరుపతికో వేలూరుకో పోవడం అలవాటే. మామూలు గడ్డలకు అంత దూరం అక్కర్లేదని నా అభిప్రాయం. కుట్లతో రెండు వందల కిలోమీటర్లు తిరిగి రావాలి, వారానికి మళ్లీ చూపించుకోవాలి. అర్ధరాత్రి జ్వరమొస్తే ఆపరేషన్ చేసిన డాక్టర్ అందుబాటులో ఉండరు. దూరం పోవాల్సింది క్యాన్సర్‌కు, ఇంతకుముందు ఆపరేషన్ చెడినవాళ్లకు.

ఎప్పుడు, ఎలా సిద్ధపడాలి

ప్రభుత్వ ఉద్యోగం చేసే ఆడవాళ్లకు ఈ ఆపరేషన్‌కు 45 రోజుల ప్రత్యేక సెలవు 2011 నుంచి ఉంది. కూలికి పోయే ఆమెకు సెలవు ఇచ్చేది ఇంట్లోవాళ్లే. అందుకే, తొందర లేని జబ్బయితే, పని లేని రెండు నెలలు చూసుకోవాలి. అనంతపురం వైపు చెనక్కాయలు పీకే పని అక్టోబరు, నవంబరుల్లో ఉంటుంది. అది ముగిశాక పెట్టుకోవచ్చు. ఆదోని, కోసిగి వైపు నుంచి సంక్రాంతి తర్వాత గుంటూరుకు మిరప కోతకు పోయే కుటుంబాలు మాత్రం ఆ ఏడు ఆమెను ఇంట్లోనే వదిలి పోగలిగితేనే అప్పుడు చేయించాలి. నెల తిరక్కుండా లారీ ఎక్కించి, వంగి మిరపకాయలు కోయిస్తే కుట్లు నిలబడవు. ఎండాకాలంలో పిల్లలకు సెలవులుంటాయి, ఇంట్లో సాయం దొరుకుతుంది. కానీ నలభై డిగ్రీలు దాటే ఎండల్లో చెమటకు కుట్లు మానడం కష్టం, కరెంటు పోతే నరకం.

ఆ లోపు రక్తం పెంచుకోవాలి. నెలనెలా రక్తం పోయి పోయి హిమోగ్లోబిన్ ఏడుకో ఎనిమిదికో పడిపోయినవాళ్లు చాలామంది. పది దాటాక ఆపరేషన్ చేయించుకోవడం మంచిది. మాత్రలతో వారాలు పడుతుంది. మరీ తక్కువైతే సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారు. మాత్ర వేసుకున్నప్పుడు టీ, పాలు తాగొద్దు. నిమ్మనీళ్లో జామకాయో మంచిది. షుగర్ అదుపులో పెట్టుకోండి. ఆస్పిరిన్‌లాంటి రక్తం పల్చబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. వాటిని సొంతంగా ఆపొద్దు. ఇంట్లో బ్లేడుతో గీసుకోవద్దు, ఆ గాట్ల వల్ల ఇన్ఫెక్షన్ వస్తుంది. తాళి, మెట్టెలు తీయడానికి మనసొప్పనివాళ్లు లోహం లేని పసుపుతాడు కట్టుకోవచ్చా అని నర్సును అడగండి.

ఇంటికొచ్చాక

పథ్యం పేరుతో మనం చేసే చెరుపు ఎక్కువ. పప్పు తింటే చీము పడుతుందంటారు. నీళ్లు తాగితే కుట్లు నానుతాయంటారు. రెండూ నిజం కాదు. గాయం మానేదే పప్పు, గుడ్డు, పెరుగు, చేపలాంటి వాటితో. నీళ్లు తక్కువైతే మలబద్ధకం వస్తుంది, ముక్కితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. పొట్ట కోతయినవాళ్లకు మొదటి రెండు వారాలు గొంతుకూర్చుని దొడ్డికి పోవడం కష్టం. మందుల షాపుల్లో దొరికే కమోడ్ కుర్చీ కొనిపెట్టండి, చీరల కంటే ముందు.

నెలంతా మంచంలో పడుకోబెట్టడమూ తప్పే. కదలకపోతే కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టవచ్చు. మరుసటి రోజు నుంచే నాలుగడుగులు వేయాలి, రోజూ కొంచెం పెంచాలి. బరువు మాత్రం ఆరు వారాలు ఎత్తకూడదు. నిండు బిందె పది కిలోలు దాటుతుంది. రోట్లో ఊరిబిండి నూరడం, బియ్యం మూట జరపడం, గేదె పాలు పితకడం, చంటిబిడ్డను చంకనెత్తుకోవడం కూడా ఆ లెక్కలోకే వస్తాయి. బండి నడపడం నాలుగైదు వారాల తర్వాత. భార్యాభర్తల కలయిక ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత, డాక్టర్ చూశాకే. ఈ ముక్క డాక్టర్ చేతే భర్తకు చెప్పించండి, ఆమె నోటితో చెప్పుకోలేదు.

కొన్ని వారాలు కొద్దిగా మరక అవుతుంది, అది మామూలే. గంటకో ప్యాడ్ తడిసినా, నూట ఒకటి జ్వరం వచ్చినా, దుర్వాసన వచ్చినా, కుట్లు విడినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. పిక్క వాచి నొప్పి పెట్టినా, మూత్రం ఆగిపోయినా అంతే. తెలియకుండా మూత్రం కారుతూ ఉంటే సిగ్గుపడి దాచుకోవద్దు. మూత్రాశయానికి తగిలిన దెబ్బ ఒకటి రెండు వారాల తర్వాత ఇలా బయటపడుతుంది, దాన్ని బాగుచేయవచ్చు. ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయండి.

తీసిన సంచి బయాప్సీ రిపోర్టు వారం పది రోజులకు వస్తుంది. కుట్లు మానాయి కదా అని దాన్ని తెచ్చుకోనివాళ్లు ఎందరో. మనిషిని పంపించైనా తెప్పించి డాక్టర్‌కు చూపించండి. డిశ్చార్జి కాగితంలో మూడు సంగతులు ఉన్నాయో లేదో చూడండి: ఎందుకు తీశారు, ముఖద్వారం తీశారా ఉంచారా, అండాశయాలు ఎన్ని ఉన్నాయి. ముఖద్వారం ఉంచితే క్యాన్సర్ పరీక్ష ఇక ముందూ చేయించుకుంటూ ఉండాలి. ఆ కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకుని, ఇంట్లో చదువుకున్న పిల్లకు కూడా పంపండి.